శ్రీసిటీ, రేణిగుంట వైపు క్వాలిటీ ఉద్యోగం: లోపల తెలిసినవాళ్ళు లేనప్పుడు పరిచయాలు ఎట్లా పెంచుకోవాలి?

చిత్తూరు_క్యూసీ (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్కారం. డిప్లొమా మెకానికల్ చేసి, చిత్తూరు దగ్గర ఒక చిన్న మెషిన్ షాపులో నాలుగేళ్ళుగా క్వాలిటీలో ఉన్నా. ఇన్‌కమింగ్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ రెండూ చూస్తా. వెర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్, హైట్ గేజ్ బాగా అలవాటు. సీఎంఎం (పార్టుల కొలతలు తీసే కంప్యూటర్ మెషిన్) మీద ప్రోగ్రామ్ రాయడం రాదు గానీ, ఉన్న ప్రోగ్రామ్ రన్ చేస్తా.

శ్రీసిటీకో రేణిగుంట వైపుకో మారాలని ఉంది. జాబ్ సైట్లలో పెట్టిన అప్లికేషన్లకు ఉలుకూ పలుకూ లేదు. ఎవరినడిగినా "లోపల తెలిసినోళ్ళుండాల తమ్ముడూ" అంటారు. మా ఇంట్లో, చుట్టాల్లో కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. పరిచయాలు పెంచుకోమంటారు సరే, ఎవరితో మొదలుపెట్టాలి? ఉద్యోగం కోసం చెయ్యి చాపినట్టు లేకుండా ఎట్లా అడగాలి? ఇంకొకటి, ఇదంతా ఇప్పటి ఓనరు చెవిన పడకూడదు. వివరంగా చెప్పగలరు.

గేజ్_రూమ్

తమ్ముడూ, ఒక కంపెనీలో కూర్చుని పనిచేసే మనిషికి ఆ కంపెనీ సంగతే తెలుస్తుంది, అదీ తన డిపార్ట్‌మెంట్ వరకే. పది కంపెనీల గేట్లు దాటి లోపలికి పోయొచ్చే మనిషి వేరు. ఎక్కడ కొత్త లైను వేస్తున్నారు, ఎక్కడ క్వాలిటీలో మనిషి మానేశాడు, ఏ ప్లాంటులో కస్టమర్ ఆడిట్ ముందర పెట్టుకుని జనం చాలక అల్లాడుతున్నారు, ఇవన్నీ అతని చెవిన పడతాయి. నువ్వు ముందు దగ్గర చేసుకోవాల్సింది ఈ రెండో రకం వాళ్ళని. వాళ్ళలో సగం మంది ఇప్పటికే మీ షాపుకు వచ్చిపోతా ఉంటారు.

ఎవరెవరంటే: మీ గేజీలు కాలిబ్రేట్ చేసే (కొలత సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే) ల్యాబ్ టెక్నీషియన్, సీఎంఎం సర్వీస్ ఇంజనీరు, ఇన్సర్టులూ డ్రిల్లులూ అమ్మే టూల్స్ సేల్స్ ఇంజనీరు, కూలెంట్ సప్లయర్, హీట్ ట్రీట్‌మెంటుకూ ప్లేటింగుకూ జాబ్ పట్టుకుపోయేవాళ్ళు, ఐఎస్ఓ ఆడిటుకు మీ ఓనరు పెట్టుకున్న కన్సల్టెంటు, కస్టమర్ తరఫున చెకింగుకు వచ్చే థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టరు. ఒక్కో సేల్స్ ఇంజనీరు చేతిలో ఒక రూటే ఉంటుంది: చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, శ్రీసిటీ, ఒక్కోసారి గుమ్మిడిపూండి దాకా.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలోని న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగాలు మారినవాళ్ళ మీద మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన పరిశోధన 1973లో అచ్చయింది. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ కబురు మోసిన మనిషిని తరచూ కలుస్తూ ఉన్నది 16.7 శాతం మందే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ళు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ళు 27.8 శాతం. 2022లో లింక్డ్‌ఇన్ వాడే 2 కోట్ల మంది మీద చేసి అచ్చేసిన ప్రయోగంలోనూ ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చింది ఓ మోస్తరు పరిచయాలే. ప్రాణస్నేహితులూ కాదు, ఊరూ పేరూ తెలియనివాళ్ళూ కాదు. కారణం సులువు. నీ స్నేహితుడికి తెలిసిందంతా నీకూ తెలుసు, ఇద్దరూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడతారు కాబట్టి.

ఇక ఎట్లా దగ్గరవ్వాలి. కాలిబ్రేషన్ అబ్బాయి వచ్చే రోజు ముందే తెలుస్తుంది కదా. గేజీలు తుడిచి, తుప్పు, జిడ్డు లేకుండా చేసి, ఐడీ నంబరు, రేంజి, లీస్ట్ కౌంట్ (గేజీ చూపించగల అతి చిన్న కొలత), పోయినసారి సర్టిఫికెట్ తేదీతో ఒక షీటు తీసి పెట్టు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు; కాబట్టి ముందు రోజు రాత్రే గేజీలను ఏసీ రూములోకి చేర్చు. లేకుంటే అవి చల్లబడేదాకా అతను ఖాళీగా కూర్చోవాలి. ఇట్లా సిద్ధం చేసి పెట్టే మనిషి అతనికి పది షాపుల్లో ఒకడు కూడా దొరకడు. నిన్ను గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే పెద్ద పనేం చెయ్యక్కర్లేదు.

పని మధ్యలో మాటల్లో అడుగు: "ఈమధ్య కొత్త సీఎంఎం ఎవరు దించారన్నా?", "ఆ ప్లాంటులో గేజ్ రూము ఎవరు చూస్తారు?". ఉద్యోగం మాట ఎత్తొద్దు. కొత్త సీఎంఎం దిగిందంటే దాని మీద కూర్చోడానికి మనిషి కావాలి. పేరు తెలిసిందంటే లింక్డ్‌ఇన్‌లో ఆయన్ని పట్టుకోవచ్చు. రెండోసారో మూడోసారో కలిసినప్పుడు "నేనూ మారే ఆలోచనలో ఉన్నా, మా ఓనరుకు ఇంకా చెప్పలేదు" అని చెప్పు. మొదటిసారే చెప్తే ఆ మాట నీకంటే ముందు ఓనరు దగ్గరికి పోతుంది. టూల్స్ అమ్మేవాళ్ళకు ఆర్డర్లు ఓనరు చేతిలో ఉంటాయని మర్చిపోవద్దు. వాళ్ళతో ఇంకా ఆలస్యంగా చెప్పు.

ఏ ప్లాంటుకు ఏ భాష అనేది కూడా చూసుకో. శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్, మాదన్నపాలెంలో హీరో, చినపాండూరులో అపోలో టైర్లు. బండ్ల కంపెనీలకూ, వాటికి పార్టులు చేసి ఇచ్చే సప్లయర్లకూ నీ అనుభవం దగ్గరగా ఉంటుంది. అక్కడ ఐఏటీఎఫ్ 16949 (బండ్ల రంగపు క్వాలిటీ ప్రమాణం), కంట్రోల్ ప్లాన్, పీపీఏపీ (కొత్త పార్టుకు కస్టమర్ ఆమోదం తీసుకునే పద్ధతి), ఎంఎస్ఏ (కొలిచే పద్ధతి నమ్మదగిందో కాదో తేల్చడం), 8డీ (లోపానికి మూలకారణం వెతికి సరిదిద్దే రిపోర్టు) మాటలు నడుస్తాయి. ఆల్‌స్టమ్‌లో చేసేది మెట్రో బోగీలు కాబట్టి అక్కడ వెల్డ్ ఇన్‌స్పెక్షన్, ఎన్‌డీటీ (పార్టును పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష) లెవెల్ 2 అంటే చెవి ఒగ్గుతారు. రేణిగుంట, ఏర్పేడు వైపు డిక్సన్, ఫాక్స్‌లింక్, సన్నీ ఓపోటెక్ లాంటి ఎలక్ట్రానిక్స్ వాళ్ళకు ఐపీసీ-ఏ-610 (సర్క్యూట్ బోర్డుల పని నాణ్యత ప్రమాణం), ఈఎస్‌డీ (స్థిర విద్యుత్తు వల్ల భాగాలు పాడవకుండా చూసుకోవడం) తెలిసుండాలి. రాచగున్నేరిలో పైపులు పోస్తారు, అది క్యాస్టింగ్ లోకం. అన్నింటికీ ఒకే రెజ్యుమే, ఒకే మాట పనికిరావు. నీ చేతిలో ఉన్న విద్యకు ముందు ఆటో సప్లయర్లు, తర్వాత మిగతావి.

హెచ్ఆర్_పక్క_సీటు

పైన చెప్పింది పరిచయం పెంచుకునే దారి. పరిచయం అయ్యాక రిఫరల్ ఎట్లా నడుస్తుందో తెలియక చాలామంది చేతికొచ్చిన అవకాశం పోగొట్టుకుంటారు, అది చెప్తాను.

పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు రిఫరల్ పోర్టల్ ఉంటుంది. అందులో అభ్యర్థి పేరు, ఫోను, మెయిల్, జాబ్ ఐడీ, పీడీఎఫ్ రెజ్యుమే పెట్టాలి. "ఈయన నీకెట్లా తెలుసు?" అని ఒక గడి కూడా చాలాచోట్ల ఉంటుంది. మీ మెయిలో ఫోను నంబరో అప్పటికే సిస్టమ్‌లో ఉంటే, అంటే మీరు ముందే కెరీర్స్ పేజీలో అప్లై చేసి ఉంటే, చాలా కంపెనీల్లో ఆ రిఫరల్ లెక్కలోకి రాదు. పెట్టినాయనకు రావాల్సిన బోనస్ పోతుంది, ఆయనకూ చిరాకు. అందుకని కంపెనీలో మనిషి తెలిసుంటే ముందు ఆయన్ని అడగండి, నాలుగైదు రోజులు ఆగండి, ఆ తర్వాతే సొంతంగా అప్లై చేయండి. ఒకే కంపెనీలో ముగ్గురి చేత ఒకేసారి పెట్టించడమూ అంతే చేటు. పేరు మూడుసార్లు కనబడితే పట్టు పెరుగుతుందనుకుంటారు గానీ, ముగ్గురికీ విషయం తెలిశాక ఒక్కరూ పట్టించుకోరు.

రిఫర్ చేసే మనిషి పని తేలిక చేయండి. ఒకే మెయిల్లో ఇవన్నీ ఉండాలి: జాబ్ ఐడీ, పోస్టు పేరు, రెజ్యుమే పీడీఎఫ్, "ఈ పోస్టుకు నేనెందుకు సరిపోతాను" అని మూడు లైన్లు, ఇప్పటి జీతం, ఎంత అనుకుంటున్నారు, నోటీసు ఎన్ని రోజులు. ఫైలు పేరు మీ పేరు, పోస్టు పేరుతో ఉండాలి. "రెజ్యుమే ఫైనల్ కొత్తది 2" అని పేరున్న ఫైలు ఎవరి డౌన్‌లోడ్స్‌లో పడినా మళ్ళీ దొరకదు. వాట్సాప్‌లో రెజ్యుమే ఫోటో తీసి పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. దాన్ని పోర్టల్‌లో ఎక్కించలేరు, సిస్టమ్ చదవలేదు, కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది.

హెచ్ఆర్‌ల వెంట పడటంలో పెద్ద లాభం లేదు. క్వాలిటీలో మనిషి కావాలో వద్దో తేల్చేది క్వాలిటీ మేనేజరు. హెచ్ఆర్ ఆ తర్వాత కాగితం నడిపిస్తారు. పరిచయాలు ఆ డిపార్ట్‌మెంటులో సీనియర్ ఇంజనీర్, అసిస్టెంట్ మేనేజర్ స్థాయిలో ఉంటే మంచిది. వాళ్ళ కింద ఖాళీ వస్తే ఆ బరువు మోసేది వాళ్ళే, అందుకే వాళ్ళకు ఆత్రం ఎక్కువ.

ఏ రోల్ మీద తీసుకుంటారో మొదటే అడగండి: కంపెనీ రోలా, థర్డ్ పార్టీ పేరోలా, ఎఫ్‌టీసీ అనబడే నిర్ణీత కాలం కాంట్రాక్టా? "ఫలానా కంపెనీలో ఇప్పిస్తా" అని పరిచయస్తుడు చెప్పేది చాలాసార్లు కాంట్రాక్టరు కింద పని. అది తప్పని కాదు, కొందరికి లోపలికి దారి కూడా అదే. కానీ చేరే ముందే తెలిసుండాలి. ఇంకో మాట, పీఎఫ్ యూఏఎన్‌లో మీకు పీఎఫ్ కట్టిన ప్రతి కంపెనీ కనబడుతుంది. రెజ్యుమేలో ఏదైనా దాస్తే, మిమ్మల్ని పెట్టించినాయన పరువు కూడా పోతుంది.

చిత్తూరు_క్యూసీ

ఇద్దరికీ చాలా థ్యాంక్సన్నా. కాలిబ్రేషన్ వాళ్ళ సంగతి అసలు తట్టనే లేదు. లింక్డ్‌ఇన్‌లో పంపడానికి ఇట్లా రాసుకున్నా, తప్పులుంటే చెప్పండి:

"హాయ్ సార్, గుడ్ మార్నింగ్. నేను డిప్లొమా మెకానికల్ చేశాను. నాకు 4 సంవత్సరాల అనుభవం ఉంది. కష్టపడి పనిచేస్తాను. మీ కంపెనీలో ఏదైనా ఖాళీ ఉంటే దయచేసి చెప్పండి సార్. మా కుటుంబం నా మీదే ఆధారపడి ఉంది. నా రెజ్యుమే పంపమంటారా?"

ఎర్రమిట్ట

ఈ మెసేజ్ ఎవరికైనా పంపొచ్చు, ఏ కంపెనీకైనా పంపొచ్చు. అదే దీని జబ్బు. చదివినాయనకు "ఇది ఇంకో వంద మందికి పోయుంటుంది" అని మొదటి లైనులోనే తెలిసిపోతుంది. "ఏదైనా ఖాళీ" అంటే వెతికే పని ఆయన నెత్తిన పెట్టినట్టు. కుటుంబం మాట నిజమే కావచ్చు, కానీ జవాబివ్వాల్సినాయన్ని ఇరుకున పెడుతుంది. ఇరుకున పడ్డ మనిషి చేసే పని చూసీ చూడనట్టు వదిలేయడం.

కనెక్షన్ రిక్వెస్టుతో పంపే నోటును 200 అక్షరాల లోపే ఉంచు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడి అక్షరాలుగానే లెక్కకొస్తాయి, కాబట్టి అనుకున్నదానికంటే ముందే నిండిపోతుంది. ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లే ఇస్తారు, ఎవరికి వాడాలో ఎంచుకో. నీ మెసేజ్‌ని ఇట్లా తిరగరాస్తా:

"నమస్తే సార్. చిత్తూరులో మెషినింగ్ క్వాలిటీలో 4 ఏళ్ళు. మీరు మెషినింగ్ నుంచి వెల్డ్ క్వాలిటీకి మారారని చూశా. ముందు ఏం నేర్చుకోవాలి? రెండు మాటలు చెప్పినా చాలు."

ఇందులో నువ్వెవరో తెలుస్తుంది, ఆయన ప్రొఫైల్ చదివావని తెలుస్తుంది, ప్రశ్నకు ఫోనులోనే అర నిమిషంలో జవాబివ్వొచ్చు. తెలుగులోనే రాయాలని లేదు. శ్రీసిటీ ప్లాంట్లలో మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్ళు చాలామంది, వాళ్ళకు సులువైన ఇంగ్లీషులో రాయి. చిత్తూరోళ్ళకు తమిళం ఎట్లాగూ రవ్వంత వస్తుంది కదా, ఫోన్లో మాట్లాడేటప్పుడు అది బాగా పనికొస్తుంది.

ఆయన జవాబిచ్చాక వెంటనే రెజ్యుమే తోసెయ్యొద్దు. చెప్పింది చేసి చూపించు. "ఎంఎస్ఏ నేర్చుకో" అన్నాడనుకో, మీ షాపులోనే ఒక మైక్రోమీటరు మీద గేజ్ ఆర్అండ్ఆర్ (ఎవరు, ఎన్నిసార్లు కొలిచినా ఒకే కొలత వస్తుందా అనే పరీక్ష) కట్టు: 10 పార్టులు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరూ ఒక్కో పార్టును 3 సార్లు కొలవాలి, మొత్తం 90 రీడింగులు. ఏ పార్టు ఏదో కొలిచేవాళ్ళకు తెలియకూడదు, వరస మార్చి ఇవ్వాలి. మొత్తం తేడాలో కొలతల వల్ల వచ్చే శాతం 10 లోపు ఉంటే బాగున్నట్టు, 10 నుంచి 30 మధ్య వస్తే పనిని బట్టి ఒప్పుకుంటారు, 30 దాటితే కొలిచే పద్ధతిలోనో గేజీలోనో తేడా ఉంది. "చేశాను సార్, 22 వచ్చింది, మనిషి మనిషికీ తేడానే ఎక్కువ కనబడుతోంది, ఎందుకంటారు?" అని అడిగావంటే అక్కడ ఇద్దరు ఇంజనీర్లు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఫలితం చెప్పేటప్పుడు పార్టు పేరు, కస్టమర్ పేరు, డ్రాయింగు బయటపెట్టొద్దు. కస్టమర్ డ్రాయింగు ఫోటో తీసి "ఇదిగో నా పని" అని పంపేవాణ్ణి ఏ క్వాలిటీ మేనేజరూ లోపలికి రానివ్వడు. రేపు తన డ్రాయింగూ అట్లాగే బయటికి పోతుందని తెలుసు.

రెండు మూడు సార్లు ఇట్లా మాటలు నడిచాక "ఒక పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడొచ్చా సార్" అని అడుగు. టైము ఆయన్నే చెప్పమను. షిఫ్టు మారే వేళ, నెలాఖరు రోజులు, ఆడిట్ వారం వద్దు. అడగడానికి నాలుగు ప్రశ్నలు చాలు: మీ టీములో రోజు ఎట్లా గడుస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడ తడబడతారు, డిప్లొమా వాళ్ళకు ఇంజనీర్ గ్రేడు దాకా దారి ఉందా, నేనింకా ఎవరితో మాట్లాడితే మంచిది. ఆఖరిది మర్చిపోవద్దు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఒక పరిచయం రెండవుతుంది. జీతం ఎంతిస్తారని ఆయన జీతం అడిగినట్టు అడగొద్దు. "నాలుగైదేళ్ళ అనుభవానికి ఈ చుట్టుపక్కల ఎంత నడుస్తోంది" అంటే చెప్తారు.

మీ పాలిటెక్నిక్ పేజీ లింక్డ్‌ఇన్‌లో తెరిస్తే పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. ఊరు, కంపెనీ, పని పేరుతో వడపోయొచ్చు. తడ, శ్రీసిటీ, సూళ్ళూరుపేట, తిరుపతి, మద్రాసు, అన్నీ వేసి చూడు. ప్లాంటు శ్రీసిటీలో ఉన్నా చాలామంది ప్రొఫైల్‌లో మద్రాసు అనే రాసుకుంటారు. ఒకే కాలేజీ అంటే సీనియర్లు జవాబిచ్చే అవకాశం ఎక్కువ.

పద్మావతి_బీకాం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది బీకాం, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు వచ్చు. తిరుపతిలోనే అకౌంట్స్‌లో చూస్తున్నా. ఈ "పది గేట్లు దాటే మనిషి" సూత్రం మాకూ వర్తిస్తుందా? ఇంకోటి, ఆడపిల్లలం తెలియని మగవాళ్ళకు మెసేజ్ పెడితే వేరే అర్థం తీస్తారేమోనని భయం.

లెక్కల_మనిషి

బాగా వర్తిస్తుందమ్మా. మీ లైన్లో ఆ మనిషి సీఏ ఆఫీసులో ఉంటాడు. ఒక చిన్న సీఏ ఆఫీసు కింద హోటళ్ళు, రైస్ మిల్లులు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, కాలేజీలు అన్నీ ఉంటాయి. ఎక్కడ అకౌంటెంటు మానేశాడో రిటర్ను ఆలస్యమైన రోజే వాళ్ళకు తెలుస్తుంది. ట్యాలీ అమ్మి సర్వీస్ చేసే పార్ట్‌నర్లు కూడా అంతే. కుదిరితే సీఏ ఆఫీసులో ఆర్నెల్లు పనిచేయండి, జీతం తక్కువే గానీ అక్కడి క్లయింట్లే తర్వాత పిలుస్తారు.

కాలం చూసుకుని కదలండి. నెలలో 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ రిటర్నుల గడువులు. ఆ చుట్టుపక్కల రోజుల్లో ఫోన్ చేస్తే విసుక్కుంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆడిట్ గడువులు ఉంటాయి, అప్పుడు పరిచయానికి టైము దొరకదు గానీ "తాత్కాలికంగా సాయానికి వస్తాను" అంటే కళ్ళకద్దుకుంటారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి వచ్చే రోజుల్లో, దాదాపు జూన్, జులైల్లో, తూకం బిల్లులు, రైతుల చెల్లింపులు చూడ్డానికి మనుషులు కావాలి. ఏప్రిల్‌లోనే అడిగి ఉంచాలి.

రెండో ప్రశ్నకు: ముందు అక్కలతో మొదలుపెట్టండి. మీ కాలేజీ సీనియర్లలో అకౌంట్స్, ఫైనాన్స్‌లో ఉన్నవాళ్ళు లింక్డ్‌ఇన్‌లో చాలామంది దొరుకుతారు. మగవాళ్ళకు రాయాల్సి వస్తే ఆఫీసు వేళల్లోనే రాయండి, ప్రశ్న పని గురించే ఉండాలి, ఫోన్ నంబరు బదులు మెయిల్ ఇవ్వండి. కలుద్దామంటే ఆఫీసులోనే కలవండి. వాట్సాప్‌కు రమ్మని తొందరపెట్టే మనిషిని వదిలేయండి. ఉద్యోగం ఇప్పించేవాడు మెయిల్లోనూ ఇప్పించగలడు.

కొర్లగుంట_సామి

అందరూ దారి చెప్తా ఉండారు, గుంతలు నేను చెప్తా.

మొదటిది, దర్శనం. తిరుపతోళ్ళం అనంగానే అవతలోళ్ళు ముందడిగేది అదే. "సార్, మీకు దర్శనం చేయిస్తా" అని నీ అంతట నువ్వే మాటిచ్చి పరిచయం కలుపుకోవద్దు. చేయించలేకపోతే ఆ మనిషి శాశ్వతంగా దూరం, చేయించగలిగితే ప్రతి సెలవులకూ అదే ఫోను. 300 రూపాయల టికెట్లు టీటీడీ ఆన్‌లైన్లో పెడుతుంది, ఎప్పుడు తెరుస్తారో చూసి చెప్పడం, యాడ దిగాలో, ఏ రోజుల్లో రద్దీ తక్కువో చెప్పడం వరకు మర్యాద. అంతకు మించితే పరిచయం కాదు, బేరం.

రెండోది, ఎమ్మెల్యే లెటరు. కాంట్రాక్టు ఆపరేటరు పనికి యాడన్నా నడిస్తే నడుస్తుందేమో గానీ, నీలాంటి క్వాలిటీ పోస్టుకు ఇంటర్వ్యూలో డ్రాయింగు ముందర పెట్టి జీడీఅండ్‌టీ (పార్టు ఆకారం, స్థానం ఎంత తేడా ఉండొచ్చో చెప్పే డ్రాయింగు గుర్తులు) అడుగుతారు. ట్రూ పొజిషన్ అంటే ఏందో లెటరు చెప్పదు. పైగా ఆ లెటరు చూసినాక ఆ టీమోళ్ళు నిన్ను వేరే కంటితో చూస్తారు.

మూడోది, డబ్బు. గేట్ పాస్ ఖర్చు, యూనిఫాం డిపాజిట్, మెడికల్ ఫీజు, ఏ పేరుతో అడిగినా అది మోసమే. కంపెనీ సొంత మెయిల్ నుంచి కాకుండా ఉచిత మెయిల్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చినా అంతే. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాల.

జాబ్ మేళాల సంగతి కూడా. నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే మేళాల్లో ఎక్కువ భాగం ట్రైనీ, ఆపరేటరు పోస్టులే. నాలుగేళ్ళ అనుభవం ఉన్నోడు క్యూలో నిలబడి రెజ్యుమే పెట్టెలో వేసి రావడం దండగ. పోతే మధ్యాహ్నం భోజనాలయినాక పో. అప్పటికి జనం పలచబడి ఉంటారు, స్టాల్లో ఉన్నాయన కూడా కాస్త మాట్లాడతాడు. "అనుభవం ఉన్నోళ్ళను క్వాలిటీకి ఎవరు తీసుకుంటారు సార్, ఆయన పేరేంది?" అని అడిగి ఆ ఒక్క పేరు రాసుకుని రా. వచ్చినాయన కంపెనీ మనిషా, ఏజెన్సీ మనిషా అని మెడలో కార్డు చూసుకో.

ఎర్రమిట్ట

సామి గారి మాటకు ఒక చేర్పు. ఇదంతా తలకాయలో పెట్టుకుంటే నిలవదు, ఒక షీటు పెట్టు. గళ్ళు ఇవి: పేరు, ఎక్కడ, ఎవరి ద్వారా తెలిశాడు, ఆఖరిసారి మాట్లాడిన తేదీ, ఆయన చెప్పిన ఒక్క ముక్క, నేను చేయాల్సింది, తర్వాత పలకరించే తేదీ. మొదట పాతిక పేర్లు చాలు. వారానికి ఐదుగురికి మించి కొత్తవాళ్ళకు రాయొద్దు. అందరూ ఒకేసారి జవాబిస్తే ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేవు. జవాబు రాకపోతే ఎనిమిది, పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయి, అప్పటికీ రాకపోతే వదిలేయి. కోపం పెట్టుకోవద్దు, పేరు షీటులోంచి తీసేయొద్దు. ఆరు నెలల తర్వాత వేరే విషయం మీద పలకరించొచ్చు.

చాలామంది జారిపోయేది సాయం అందుకున్న తర్వాతే. రిఫర్ చేసినాయనకు ఇంటర్వ్యూ కాల్ వచ్చినా చెప్పరు, పోయినా చెప్పరు. ఆయనకు హెచ్ఆర్ ద్వారా ఎప్పుడో తెలుస్తుంది. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే రెండు లైన్లు పంపు: ఏం అడిగారు, ఎట్లా అయింది. ఉద్యోగం రాకపోయినా అంతే. నిన్ను రెండోసారి రిఫర్ చేయడానికి ఆయన చెయ్యి ఆడాలంటే ఈ రెండు లైన్లే ఆధారం.

చిత్తూరు_క్యూసీ

షీటు ఇప్పుడే చేసుకుంటున్నా. ఒక్క అనుమానం మిగిలింది. మా షాపు నుంచి శ్రీసిటీలో ఒక కంపెనీకే పార్టులు పోతాయి. వాళ్ళ సప్లయర్ క్వాలిటీ ఇంజనీరు నెలకోసారి వస్తాడు, నాతో బాగా మాట్లాడతాడు. ఆయన్నే అడిగితే సులువు కదా?

గేజ్_రూమ్

ఆయన్ని మాత్రం ఉద్యోగం అడగొద్దు తమ్ముడూ. తమ సప్లయర్ దగ్గరి మనిషిని లాక్కున్నారని మీ ఓనరు వాళ్ళ కొనుగోళ్ళ విభాగానికి ఫోన్ చేస్తే ఆయన ఉద్యోగానికే ఇబ్బంది. కొన్ని కంపెనీలు సప్లయర్ల మనుషుల్ని తీసుకోకూడదని కట్టుబాటు పెట్టుకుంటాయి. నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో కూడా కస్టమర్ దగ్గర చేరడం గురించి ఏదైనా క్లాజు ఉందేమో, నోటీసు ఎన్ని రోజులో చదువుకో. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది: వాళ్ళకు పార్టులిచ్చే మిగతా సప్లయర్లెవరు, ఎవరి 8డీ రిపోర్టులు బాగుంటాయి, ఏ షాపులో సిస్టమ్ గట్టిగా ఉంది. మాటల్లో అడిగితే ఇష్టంగా చెప్తాడు. ఆ పేర్లు నీ షీటులో ఎక్కించు. వాళ్ళలో శ్రీసిటీలోనే ప్లాంటున్న సప్లయర్లు ఉంటారు, వాళ్ళకు మీ ఓనరుతో లావాదేవీ ఉండదు.

లింక్డ్‌ఇన్‌లో "పనికి సిద్ధం" అనే సెట్టింగు పెట్టేటప్పుడు రిక్రూటర్లకు మాత్రమే కనబడే రకం ఎంచుకో. అందరికీ కనబడేది పెడితే ఫోటో చుట్టూ పచ్చ రింగు వస్తుంది, చిత్తూరంత ఊళ్ళో అది రెండు రోజుల్లో ఓనరు దాకా పోతుంది. రిక్రూటర్ల రకం కూడా పూర్తి రహస్యం కాదు, మీ కంపెనీ రిక్రూటర్లకు చూపించకుండా ఉండేందుకు ప్రయత్నిస్తుందంతే. ప్రొఫైల్‌లో ఒక్క రోజే అన్నీ మార్చొద్దు. మార్పులు అందరికీ చాటే సెట్టింగు ముందు ఆపేసి, ఈ వారం హెడ్డింగు, వచ్చే వారం పనుల వివరాలు, అట్లా మార్చుకుంటా పో.